మూడో కాలు

ఇక్కడ జులై అంటే నడి చలికాలం.
మటౌరా ఏటి మీంచి లేచిన మంచు
గొర్రెల షెడ్డు రేకుల మీద పేరుకుని
పొద్దెక్కినా దిగదు.
లోపల, ఒకప్పుడు ఉన్ని కత్తిరించిన చోట,
రెక్కలింకా తొడగని విమానం
ముక్కు ఊడదీసుకుని నిలబడి ఉంది.

మర్డో కెర్స్‌లేక్ పదకొండేళ్ళుగా కడుతున్న విమానం.
నాది టార్చి పట్టుకునే పని.
"ఎడమకి.
నీ ఎడమ కాదు, నా ఎడమ."

ఇంజిన్ పాత మాజ్డా కారుది.
పిస్టన్లు లేవు, వాల్వులు లేవు.
మూడు మూలల ఇనప ముద్దలు రెండు,
నడుము నొక్కిన గదుల్లో
గోడలు ఒరుసుకుంటూ
పిచ్చెక్కిన గానుగెద్దుల్లా తిరుగుతాయి.

మామూలు విమానానికి మాగ్నెటో ఉంటుంది,
దాని నిప్పు దాని ఒంట్లోనే పుడుతుంది.
దీనిది అరువు నిప్పు.
స్పార్కుకి కరెంటు, పెట్రోలు పంపుకి కరెంటు.
ఆ కరెంటు ఆగితే
బ్యాటరీ ఓ నలభై నిమిషాలు తోడొస్తుంది,
ఆ తరవాత అంతా నిశ్శబ్దం.
"నిశ్శబ్దం నేల మీద బావుంటుంది" అంటాడు మర్డో.

అందుకని ఆల్టర్నేటర్.
కుబోటా ట్రాక్టరు తుక్కులోంచి తెచ్చి
ఉన్ని తూచే కాటాకి తగిలించాడు:
మూడు కిలోల చిల్లర.
దాని చిన్న పుల్లీ పీకి పెద్దది బిగించాడు.
ఇంజిన్ ఆరువేల చుట్లు తిరుగుతుంటే
చిన్న చక్రం పద్నాలుగు వేలు తిరిగి
తన తీగల్ని తనే కక్కుకుంటుందట.

ఇక బెల్టు.
బిగిస్తే బేరింగు ఏడుస్తుంది,
వదిలితే బెల్టు కీచుమంటుంది.
బొటనవేలితో నొక్కి, కళ్ళు మూసుకుని, మళ్ళీ నొక్కి,
"ఈ పట్టూ విడుపూ
ఇద్దరు పెళ్ళాల దగ్గర నాకు చిక్కలేదు" అన్నాడు.
నవ్వాలో వద్దో తెలీక
నేను టార్చి సర్దుకున్నాను.

మొదటి బ్రాకెట్ అల్యూమినియంది. నాలుగు గంటలకి విరిగింది.
రెండోది ఉక్కు. పదకొండు గంటలు.
మూడోది వేలిమందం ఉక్కు.
అదే చోట, అదే చెవి పక్కన,
తలవెంట్రుకంత పగులు.
టార్చి వెలుగులో నాకే ముందు కనబడింది.
చెప్పడానికి కాసేపు పట్టింది.

గేట్లు వెల్డింగు చేసే నైరీ
తన గ్యాసు సిలిండర్ తీసుకెళ్ళడానికొచ్చి
మూడు ముక్కల్నీ చేతిలో తూచింది.
"లావు చేస్తూ పోతే నీ విమానం ట్రాక్టరవుతుంది."
తోకని కంచె గుంజకి కట్టి ఇంజిన్ లేపమంది.
గొర్రెలన్నీ పొలం ఆ మూలకి పరిగెత్తాయి.
పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన దానికి తాకించి
పిడి చెవికానించి
డాక్టరులాగా చాలాసేపు విన్నది.

తరవాత టీ అడిగింది.
షెడ్డు నేలంతా ఎగుడుదిగుడు,
మేం కూర్చున్న కుర్చీలు టకటకా ఊగుతున్నాయి.
ఆమె లాక్కున్నది, పాలు పితికే ముక్కాలి పీట.
కదల్లేదు.
కప్పు కింద పెట్టి తన కాళ్ళ మధ్యకి చూసుకుంది,
పీటని చూసింది,
లేచి, జేబులోంచి సుద్దముక్క తీసి
ఆల్టర్నేటర్ వెనక చెవి నుంచి
ఇంజిన్ పొట్ట మీది బోల్టు దాకా
ఒక్క గీత గీసింది.

ఆ గీత చిటికెనవేలంత గొట్టమైంది.

ఇరవై గంటలు నడిపాం. పగుల్లేదు.
వోల్టు మీటరు ముల్లు పద్నాలుగు దాటి
మేకు కొట్టినట్టు నిలబడింది.
విరిగిన బ్రాకెట్లు తలుపు పక్కన మేకులకున్నాయి,
వాటికి నా తడి కోటు తగిలిస్తాను.
ఎగరడం ఇంకా ఎప్పటి మాటో.
రెక్కలు తొడగాలి, ఇన్‌స్పెక్టరు రావాలి,
ఎండాకాలం రావాలి.

నిన్న సాయంత్రం చీకటి పడుతుంటే
ఇంజిన్ ఆపకుండా లాండింగ్ లైటు వేశాడు.
కంచె, మంచు, గొర్రెల కళ్ళు
అన్నీ ఒక్కసారి తెల్లగా లేచాయి.
నేను టార్చి ఆర్పేశాను.

"ఎడమకి" అన్నాడు మర్డో, అలవాటు కొద్దీ.